"మందు పడలేదు" అని 5వ రోజుకే తేల్చేయకండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. దిగులుకీ ఆందోళనకీ డాక్టర్లు రాసే ఎస్సిటలోప్రామ్ అనే మందు 10 ఎంజీ మొదలుపెట్టి ఇవ్వాళ్టికి 5 రోజులు, పొద్దున లేస్తూనే కడుపులో తిప్పేస్తోంది, అన్నం చూస్తే వికారం, గుండె దడ మందు వేసుకోకముందు కంటే ఎక్కువైంది, తెల్లవారుజామున 3 కే మెలకువ వచ్చేస్తోంది, అత్తగారేమో "ఆ మందులు వేడమ్మా, నీ ఒంటికి పడలేదు, మానెయ్" అంటున్నారు, మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది 2 వారాల తర్వాత, ఈలోపు ఆపేయనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. తెనాలిలో 22 ఏళ్ళుగా మెడికల్ షాపు కౌంటర్ వెనక ఉన్న ఫార్మసిస్టుని. ఇదే మందు నేనూ వేసుకున్నాను, ఒకసారి 5వ రోజున ఆపేశాను, ఇంకోసారి పూర్తిగా వాడాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ప్రశ్నకి జవాబు. మీ అంతట మీరు ఆపొద్దు, అలాగని పళ్ళు బిగబట్టి 2 వారాలు ఆగనూ వద్దు. ఇవ్వాళే ఆ క్లినిక్ కి ఫోన్ చేసి మీరు రాసిన ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. చాలామంది ఫోన్ చేయడానికి మొహమాటపడతారు, ఇంత చిన్నదానికి డాక్టర్ని విసిగించడం ఎందుకులే అనుకుంటారు. చిన్నది కాదండీ ఇది, సగం మంది మందు ఆపేసేది ఇక్కడే అనిపిస్తుంది నా కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే.

మా షాపులో నేను చాలాసార్లు చూసిన దృశ్యం ఒకటి చెప్తాను. ఎవరో వస్తారు, కాస్త అటూ ఇటూ చూసి, మిగతా జనం వెళ్ళిపోయాక స్ట్రిప్ తీసి కౌంటర్ మీద పెడతారు. పదింట్లో నాలుగు గడులు ఖాళీ, ఆరు మాత్రలు మిగిలున్నాయి. "ఇవి పడలేదండీ, వెనక్కి తీసుకుంటారా" అంటారు. నాలుగు లేకపోతే అయిదు, ఎప్పుడూ అంతే, పది దాటాక వచ్చి పడలేదు అన్నవాళ్ళు బాగా తక్కువ. ఎందుకంటే ఈ మందు ఇబ్బంది పెట్టేదంతా మొదటి వారం పది రోజుల్లో పెడుతుంది, మేలు చేసేది 2 వారాల తర్వాత మొదలుపెడుతుంది, పూర్తిగా తెలియాలంటే 4 నుంచి 6 వారాలు. అంటే ఆ స్ట్రిప్ వెనక్కి తెచ్చినవాళ్ళు కష్టమంతా పడి, దాని ఫలితం చూడకుండానే వెళ్ళిపోయారన్నమాట. నాకు ఆ ఆరు మాత్రలు చూస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నా సంగతి. నాన్న పోయిన 8 నెలలకి, తిండి నిద్ర రెండూ పోయి, షాపులో నిలబడి ప్రిస్క్రిప్షన్ చదువుతూ చదువుతూ ఏం చదివానో గుర్తులేని స్థితిలో వెళ్ళాను. ఆ డాక్టర్ గారు మందు రాశారు గానీ మొదటి వారం ఎలా ఉంటుందో ఒక్క మాట చెప్పలేదు, నేనూ రోజూ అమ్మే మందే కదా, నాకు తెలియనిదేముంది అనుకుని అడగలేదు. 3వ రోజు పొద్దున షాపు తెరవడానికి వెళితే చేతులు వణికి షట్టర్ తాళంలో తాళంచెవి పెట్టలేకపోయాను. రెండు చేతులతో పట్టుకుని పెట్టాల్సివచ్చింది, వెనకాల టీ కొట్టు దగ్గర జనం చూస్తున్నారని ఒళ్ళంతా చెమట. 5వ రోజున ఆపేశాను. తర్వాత 7 నెలలు ఎలా గడిచాయో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ ఆ 7 నెలలు నేను పడాల్సినవి కావు, ఆ మాట మాత్రం గట్టిగా చెప్తాను.

అసలు ఎందుకిలా అవుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఈ మందు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద. అది మెదడులోనే ఉంటుందనుకుంటాం గానీ మన ఒంట్లో ఉన్నదాంట్లో 90 శాతం దాకా పేగుల్లోనే ఉంటుంది. మందు మెదడుకని వేసుకున్నా అది పేగుల మీదా పనిచేస్తుంది, అందుకే వికారం, కొందరికి విరేచనాలు, ఇదే కోవకి చెందిన సెర్ట్రలిన్ వాడేవాళ్ళకి ఈ విరేచనాల గొడవ కాస్త ఎక్కువ. వేడి చేయడం కాదు అది. పేగులు కొత్త పరిస్థితికి అలవాటు పడుతున్నాయి, మామూలుగా వారం రెండు వారాల్లో సర్దుకుంటాయి.

మెదడు సంగతి మా డెల్టా వాళ్ళ భాషలో చెప్తాను, నీళ్ళంటే సెరటోనిన్ అనుకోండి. పొలంలో నీళ్ళు బయటికి పోయే తూము మూసేశారనుకోండి, మడిలో నీళ్ళు నిలవాలి కదా. కానీ పైన లాకుల దగ్గర లస్కరు ఉంటాడు, కింద నీళ్ళు పెరిగాయని చూసి పైనుంచి వదిలే నీళ్ళు తగ్గించేస్తాడు. ఈ మందు మూసేది ఆ తూముని, అది మొదటి రోజే జరుగుతుంది. మెదడులో ఉండే లస్కర్లు మాత్రం రెండు మూడు వారాల దాకా పాత లెక్క ప్రకారమే తగ్గిస్తూ ఉంటారు, తర్వాత మెల్లగా ఆ తగ్గించడం మానేస్తారు. అందుకని మొదట్లో అంతా కలగాపులగంగా ఉంటుంది, దడ పెరగడం, ఒంట్లో ఏదో కరెంటు పాస్ అవుతున్నట్టు ఉండటం, ఊరికే ఏడుపు రావడం. అసలు విషయం ఇంకా లోతుగా ఉంటుంది గానీ మనకి ఈ మాత్రం అర్థమైతే చాలు. మీ జబ్బు ముదిరిపోయిందని కాదు, మీరు పిచ్చివాళ్ళు అయిపోతున్నారని అంతకన్నా కాదు.

రెండోసారి నేను ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ 10 ఎంజీ మాత్ర సగం చేసి 5 ఎంజీతో మొదలుపెట్టించింది, వారం తర్వాత 10 కి పెంచింది. ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇలా మెల్లగా మొదలుపెట్టడం డాక్టర్లు మామూలుగా చేసే పనే. మీరు ఫోన్ లో సరిగ్గా ఇదే అడగండి, "డోసు తగ్గించి మెల్లగా పెంచవచ్చా అండీ" అని. మీ డాక్టర్ గారు సరే అంటే అప్పుడు తగ్గించండి, మీరే బ్లేడు పెట్టి మాత్ర కోసుకోవద్దు, అన్ని మందులకీ ఇది కుదరదు.

టైమింగ్ చాలా ముఖ్యం. మీరు రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నాను అన్నారు, 3 గంటలకి మెలకువ వస్తోందన్నారు. ఎస్సిటలోప్రామ్ కొందరికి మత్తు ఇస్తుంది, కొందరికి నిద్ర చెడగొడుతుంది, ఎవరికి ఏదో ముందే చెప్పలేం. నిద్ర చెడేవాళ్ళు పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకుంటే బాగుంటుంది, మత్తుగా ఉండేవాళ్ళు రాత్రికి మార్చుకోవాలి. మార్చడం గురించి కూడా ఆ ఫోన్ లోనే అడిగేయండి, ఎందుకంటే రాత్రిది వేసుకుని మళ్ళీ పొద్దున్నే వేసుకుంటే రెండు మాత్రలూ దగ్గర దగ్గరగా పడతాయి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవడం కూడా చేయకండి, ఆ ఒక్కటి వదిలేయడమే.

వికారానికి నాకు పనికొచ్చినవి చెప్తాను. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోకపోవడం అన్నిటికంటే పెద్ద తేడా. రెండు ఇడ్లీ తిని, చట్నీలో కారం లేకుండా, ఆ తర్వాత మాత్ర. ఇడ్లీ కూడా దిగకపోతే పల్చగా రాగి జావ, ఉప్పు వేసిన గంజి. మధ్యాహ్నం పెరుగన్నం, పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, కాస్త అల్లం. ఒకేసారి కంచం నిండా కాకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. ఆవకాయ, వేపుళ్ళు, మసాలా కూరలు ఈ 10 రోజులూ పక్కన పెట్టండి. పోపు వాసనకే నాకు కడుపులో తిప్పేది, మా ఇంట్లో ఆ వారం పోపు పెట్టేటప్పుడు నన్ను డాబా మీదకి పంపేవాళ్ళు. నోరు ఎండిపోతుంటే బాటిల్ పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతుండండి, సోంపు నములుతుంటే కూడా ఊరుతుంది.

ఇక్కడ ఫార్మసిస్టుగా ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. వాంతి వచ్చేలా ఉందని షాపుకి వెళ్ళి సొంతంగా ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ లాంటివి కొనుక్కోకండి. విడిగా మంచి మందులే, కానీ ఎస్సిటలోప్రామ్ తో కలిపితే గుండె కొట్టుకునే లయ మీద రెండిటి ప్రభావం తోడవుతుంది, డాక్టర్ చూసి ఇస్తే వేరు. మనవాళ్ళు టిఫిన్ కి ముందు వేసుకునే గ్యాస్ మాత్రలు ఉన్నాయి చూడండి, వాటిలో ఒమిప్రజోల్, ఎసోమిప్రజోల్ అయితే ఎస్సిటలోప్రామ్ రక్తంలో నిలిచే మోతాదుని పెంచేస్తాయి, అప్పుడు మీరు వేసుకుంటున్నది 10 అయినా ఒంటికి ఎక్కువ వేసుకున్నట్టు ఉంటుంది. మీరు గ్యాస్ మాత్ర ఏదైనా వాడుతుంటే ఆ పేరు చూసి డాక్టర్ కి చెప్పండి. తలనొప్పికి పారాసిటమాల్ పర్లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, యాస్పిరిన్ ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నడుంనొప్పికి రాసే ట్రమడాల్, పొడి దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ఈ రెండూ అడగకుండా అస్సలు వద్దు. ఏ షాపుకి వెళ్ళినా "నేను ఈ మందు వాడుతున్నాను" అని ముందే చెప్పండి, సిగ్గు పడకండి, రోజూ అమ్మేవాళ్ళమే మేము.

దడకి వస్తే, కాఫీ. మీరు రోజుకి నాలుగు కాఫీలు తాగుతానన్నారు. పూర్తిగా మానేస్తే దానికో తలనొప్పి, అందుకని పొద్దున ఒక్కటి ఉంచుకుని మధ్యాహ్నం 12 తర్వాత కాఫీ టీ రెండూ ఆపండి. మందు వల్ల వచ్చే దడ, కాఫీ వల్ల వచ్చే దడ, "ఇదేంటి ఇంకా పెరిగింది" అనే భయం వల్ల వచ్చే దడ, మూడూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. సాయంత్రం ఒక అరగంట నడవండి, అంతకంటే పెద్ద సలహాలు ఈ వారం మీకెవరూ ఇవ్వక్కర్లేదు. ధ్యానం చెయ్, పాజిటివ్ గా ఉండు అనేవాళ్ళకి నమస్కారం పెట్టి ఊరుకోండి, మనసు అంత మాట వినే స్థితిలో ఉంటే డాక్టర్ దాకా వెళ్ళేవాళ్ళమా.

దడ మరీ ఎక్కువుంటే మొదటి రెండు నుంచి నాలుగు వారాలకి క్లోనాజెపామ్ లాంటిది తోడుగా ఇస్తారు కొందరు డాక్టర్లు. అది వెంటనే పనిచేస్తుంది, అదే దానితో చిక్కు కూడా. అలవాటు పడేది ఎస్సిటలోప్రామ్ కాదు, ఇది. రాసినన్ని రోజులే వాడాలి, అది వేసుకుని స్కూటీ నడపకూడదు, దాంతోపాటు మద్యం తాగడం ప్రాణాల మీదకి తెస్తుంది. చీటీ పాతదైపోయినా "అదొక్కటీ ఇవ్వండి" అని వచ్చేవాళ్ళతో నేను గొడవపడాల్సి వస్తుంటుంది.

ఇంకా కొన్ని చిన్నవి జరుగుతాయి, ముందే తెలిస్తే కంగారు ఉండదు. నిద్ర రాకపోయినా ఆవలింతలు వస్తూనే ఉంటాయి. కలలు మరీ స్పష్టంగా, సినిమా చూసినట్టు వస్తాయి. రాత్రి పళ్ళు బిగించడం వల్ల పొద్దున దవడ నొప్పి. అరచేతుల్లో, మెడ వెనక చెమట. ఇవన్నీ పోయేవే, చెమట మాత్రం కొందరికి ఎక్కువకాలం ఉంటుంది. దాంపత్యంలో కోరిక తగ్గడం, తృప్తి కలగకపోవడం అనేది ఒకటుంది, అది మిగతావాటిలా 2 వారాల్లో దానంతటది పోకపోవచ్చు. దీన్ని మనవాళ్ళు ఆడా మగా ఎవరూ నోరు విప్పి చెప్పరు, చెప్పకుండా మందు ఆపేస్తారు. చెప్తే డోసు మార్చడమో మందు మార్చడమో ఏదో ఒకటి చేస్తారండీ, దానికి దారులున్నాయి.

ఇప్పుడు చెప్పేది మాత్రం మీరూ మీవారూ కలిసి చదవండి. కొన్నిటికి "సర్దుకుంటుందిలే" అని ఆగకూడదు. ఒకచోట కూర్చోలేక, పడుకోలేక, కాళ్ళు కదుపుతూ ఇల్లంతా తిరుగుతూనే ఉండాలనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. నిద్రే లేకపోయినా హుషారు ఆగక, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టేస్తుంటే అది మెరుగైపోవడం కాదు, అదీ వెంటనే చెప్పాలి, ముఖ్యంగా ఇంట్లో రక్తసంబంధీకుల్లో ఎవరికైనా బైపోలార్, అంటే ఇలాంటి అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు, ఉంటే. ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాపు, స్పృహ తప్పడం, లేదా జ్వరంతో పాటు కండరాలు బిగుసుకుపోయి వణుకు, విరేచనాలు, మాటలో తికమక, ఇవి కనిపిస్తే ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

అన్నిటికంటే ముఖ్యమైనది చచ్చిపోవాలనే ఆలోచన. కొత్తగా వచ్చినా, ఉన్నది పెరిగినా. అమెరికాలో 2004లో పిల్లలకి, 2007లో 24 ఏళ్ళ దాకా ఉన్న యువతకి, మొదటి వారాల్లో ఈ ఆలోచనలు పెరగొచ్చని మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక పెట్టించారు. మీకు 31 అన్నారు, అయినా జాగ్రత్త జాగ్రత్తే. మనసు ఇంకా బాగుపడకముందే ఒంట్లో కాస్త ఓపిక వస్తుందని, ఆ మధ్య రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలని డాక్టర్లు చెప్తారు. అందుకే మాత్రల స్ట్రిప్పులన్నీ ఈ నెల మీవారి దగ్గర ఉంచమనండి, రోజుది రోజు ఇస్తారు. అలాంటి ఆలోచన వస్తే దాచకుండా ఆయన్ని నిద్ర లేపి చెప్పండి, అర్ధరాత్రి అయినా సరే. టెలి మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబర్ లో పెట్టిన ఫోన్ సర్వీసు ఉంది, నంబర్ 14416, 24 గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ క్షణానికే ప్రమాదంలా ఉంటే 108 కి చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి.

అత్తగారి గురించి. ఆవిడ మీ మీద ప్రేమతోనే అంటున్నారు, అది మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. మన దగ్గర మనసుకి మందు అంటేనే హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ అంటారు, వైజాగ్ వైపు చినవాల్తేరు అంటారు, ఆ ఆసుపత్రుల పేర్లనే తిట్లు చేసేశాం, అక్కడ ఎంతమంది కోలుకుని ఇంటికెళ్ళారో ఎవరూ చెప్పుకోరు. ఇంకొందరు ఇవి నిద్రమాత్రలు అనుకుంటారు, జీవితాంతం వదలవు అనుకుంటారు. ఆవిడతో వాదించకుండా ఒక పని అప్పజెప్పండి. "అత్తయ్యా, డాక్టర్ గారు 10 రోజులు కారం లేకుండా, ఖాళీ కడుపు లేకుండా చూసుకోమన్నారు, పొద్దున జావ మీరే కాచిపెట్టాలి" అనండి. మా అమ్మకి నేను ఇదే చేశాను. మొదటి రెండు రోజులు సణిగింది, 3వ రోజునుంచి "మాత్ర వేసుకున్నావా" అని ఆవిడే అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా ఇదే మందు మొదలుపెడితే జాగ్రత్త వేరే ఉంటుంది, ముఖ్యంగా నీరు పోయే మందు కలిపిన బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకి రక్తంలో సోడియం పడిపోవచ్చు, మతిమరుపుగా, తూలుతూ ఉంటే వయసు మీద పడిందిలే అనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి.

ఒక్క అలవాటు మాత్రం ఇవ్వాళ్టి నుంచే చేసుకోండి. మా ఇంట్లో పాలవాడి లెక్క రాసే గోడ క్యాలెండర్ ఉండేది, ప్రతి తేదీ గడిలో పాల లీటర్ల కింద నేను రాత్రి పడుకునేముందు మూడు అంకెలు వేసేవాడిని, వికారం, దడ, నిద్ర, పదికి ఎంత అని. మొదటి రెండూ తగ్గితే మంచిది, నిద్ర అంకె పెరిగితే మంచిది. 4వ రోజు 8, 9, 2 ఉంది. 9వ రోజు 5, 7, 4. 13వ రోజు 2, 5, 5. రోజూ బతుకుతున్న మనకి తేడా తెలియదు, ఏం మారలేదనే అనిపిస్తుంది, గడులు చూస్తే తెలుస్తుంది. మధ్యలో 11వ రోజు మళ్ళీ దడ 9 కి పోయింది, అలా ఒకరోజు వెనక్కి పోవడం ఉంటుంది, దానికి బెంగపడకండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం ఫోటో చూపించాను, ఆవిడకి నా నోటిమాట కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. 4 వారాలు సరిగ్గా వేసుకున్నా ఆ అంకెలు కదలకపోతే, లేదా వికారం 2 వారాలు దాటినా తగ్గకపోతే, అప్పుడు నిజంగా మీకు ఈ మందు పడలేదని డాక్టరే వేరేది ఇస్తారు, ఇది కాకపోతే సెర్ట్రలిన్, మిర్టాజపిన్, ఇంకా ఉన్నాయి.

బాగైపోయాక కూడా ఒక్కసారిగా ఆపొద్దు. బాగున్నానని అనిపించాక కనీసం 6 నెలలు కొనసాగించమంటారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. టక్కున ఆపేస్తే తల తిరగడం, తలలో చిన్న షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు వస్తాయి. గర్భం ప్లాన్ చేసుకుంటున్నా, అనుకోకుండా వచ్చినా, భయపడి ఆ రోజే ఆపేయకుండా ముందు డాక్టర్ కి ఫోన్.

ఆఖరిగా షాపువాడిగా ఒక్కటి. స్ట్రిప్ లో మూడు మాత్రలు మిగిలినప్పుడే కొత్తది తెచ్చుకోండి, అయిపోయాక ఆదివారం రాత్రి వెతుక్కుంటూ తిరగొద్దు. కొనేటప్పుడు పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు కాదు, కింద చిన్నగా రాసిన ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ అనేది చూడండి, పేరు చివర ప్లస్ అని ఉంటే అందులో మామూలుగా క్లోనాజెపామ్ కలిపి ఉంటుంది, చీటీలో ప్లస్ లేకపోతే అది తీసుకోవద్దు. జన ఔషధి షాపులో ఇదే మందు బాగా తక్కువకి వస్తుంది. ఇప్పుడు మీ స్ట్రిప్ లో 5 ఉండాలి, ఫోన్ చేసి డాక్టర్ గారు ఏమన్నారో, డోసు ఏమైనా మార్చారో నాకు చెప్పండి.